పసుపు గుడ్డ కట్టిన జామకొమ్మ

జూన్ 23, 1974, ఆదివారం

మైలవరం నుంచి ఇప్పుడే దిగాం. తల నిండా దుమ్ము. ఈయన స్నానానికి వెళ్ళారు. నా కోపం చల్లారకముందే రాసేయాలి.

మామయ్య రానన్నారు. మళ్ళీ! అత్తయ్య పోయి నాలుగు నెలలు. బడి క్వార్టర్స్ ఆగస్టు ఆఖరుకి ఖాళీ చేయమన్నారు, కొత్త టీచరుకి ఇవ్వాలట. వాళ్ళ తప్పేం లేదు. అత్తయ్య ఉద్యోగం మీద వచ్చిన ఇల్లు, అత్తయ్యతోనే పోయింది. మామయ్యేమో అక్కడే ఎక్కడో గది అద్దెకి తీసుకుంటారట. ఒంట్లో షుగరు, ఎడమ కంట్లో పొర. అన్నం వార్చడం కూడా రాదు. ఎవరు చూస్తారు?

పెరట్లో జామచెట్టు కింద మంచం వేసుకుని కూర్చున్నారు. "మీ అత్తయ్య వేసిన చెట్టమ్మా. దీన్నొదిలి ఎక్కడికొస్తాను?"

నా నోరు ఊరుకుంటుందా. చెట్టునే తీసుకొస్తాను మామయ్యా, అనేశాను. బస్సు టాపు మీద వేస్తావా అని ఈయన ఒకటే నవ్వు. నవ్వకండి, కొమ్మకి అంటు కడితే వేళ్ళొస్తాయి, ఆ కొమ్మ కోసి పాతుకుంటే అదే చెట్టు అన్నాను. గింజ వేస్తే పిల్ల మొక్క వస్తుంది, తల్లి లాగా కాయొచ్చు, కాయకపోవచ్చు. అంటు అలా కాదు. అదే చెట్టు, అదే ఎర్ర గుజ్జు, అదే తీపి. మామయ్య తలెత్తి కొమ్మలకేసి చూశారు. మేం బస్సుకి బయల్దేరుతుంటే గుమ్మందాకా వచ్చి, "అది వస్తే నేనూ వస్తాను" అన్నారు.

మాటంటే మాటే ఆయనది. అది రాకపోతే ఆయనా రానట్టే కదా మరి... ఇప్పుడు భయం పట్టుకుంది.

జూన్ 27

కాలేజీ తెరిచారు. సెకండియర్ బాటనీ పిల్లలకి ఈ టర్ములో మొదటి పాఠం నేనే ఎంచుకున్నాను — జామ కుటుంబం. సిలబస్‌లో ఎక్కడో వెనకుంది. ముందుకి లాక్కున్నాను. నా ఇష్టం.

జూన్ 30, ఆదివారం

కట్టాను!

వేలు లావు కొమ్మ. కిందకి వంగి, మామయ్య చేతికి అందేంత ఎత్తులో. ఉంగరం వెడల్పున బెరడు చుట్టూ ఒలిచి, పేడా మట్టీ కలిపి పెట్టి, పైన తడిపిన కొబ్బరిపీచు చుట్టి, ఎరువుల బస్తాలో వచ్చే ప్లాస్టిక్ కాగితం బిగించాను. మామయ్య పక్కనే నిలబడి దారం అందించారు. బెరడు ఒలుస్తుంటే మొహం తిప్పుకున్నారు పాపం.

ఎండ నేరుగా కొడుతోంది, లోపలంతా ఉడికిపోతుందేమో అన్నాను. మామయ్య లోపలికి వెళ్ళారు, ట్రంకు పెట్టె తెరిచిన చప్పుడు. అత్తయ్య పాత వాయిల్ చీర, పసుపుపచ్చది, ఒక చెంగు చించుకొచ్చారు. నేను కట్టబోతే వద్దని తనే కట్టారు. రెండు ముడులు.

బస్సులో ఏడ్చాను. ఈయన చూడనట్టు కిటికీలోంచి చూశారు.

జూలై 4

వాన లేదు. గుడ్డ తడుపుతున్నారో లేదో.

జూలై 9

ప్రాక్టికల్స్. జామ ఆకుని వెలుగుకి ఎత్తి పట్టుకోండి అన్నాను. సూదితో పొడిచినట్టు సన్న చుక్కలు. అవన్నీ నూనె బొట్లు. ఒకే ఆకుని పది మంది లాక్కున్నారు. జామ, నేరేడు, జామాయిల్, లవంగం, అన్నిటికీ ఒకటే ఇంటిపేరు అంటే నోళ్ళు వెళ్ళబెట్టారు. లవంగం కాయ కాదు, విచ్చని మొగ్గ అనేసరికి ఒకమ్మాయి "అయ్యో, పాపం కదండీ" అంది. ఆ పిల్ల బాగుపడుతుంది.

టేబుల్ మీద పెట్టిన నేరేడు పళ్ళు నేను వెనక్కి తిరిగేలోపు మాయం. ఎవరు తిన్నారంటే ఎవరూ తినలేదు. నాలుకలు చూపించమన్నాను. క్లాసంతా ఊదారంగు.

నా వంటింట్లో లవంగాల సీసా, అలమరలో నీలగిరి నూనె, మామయ్య షుగరుకని దంచి పెట్టిన నేరేడు గింజల పొడి. ఈ కుటుంబం లేని గది లేదు మా ఇంట్లో. మామయ్య ఒక్కరే లేరు.

జూలై 14, ఆదివారం

ఏం రాయాలో తెలియడం లేదు. నవ్వాలో ఏడవాలో కూడా.

పెరట్లోకి వెళ్ళేసరికి చెట్టుకి పసుపు గుడ్డలు! నేను కట్టింది ఒకటే. ఇప్పుడు చూస్తే ఏ కొమ్మకి చూసినా ఒక మూట. కొన్నిటికి కుంకుమ బొట్లు.

పక్కింటి సీతారావమ్మ గోడ మీంచి తొంగి చూసి, చాలా మర్యాదగా, "మీరే గదండీ ముందు కట్టింది. మీరు కట్టొచ్చు, మేం కట్టకూడదా?" అంది. నేను అత్తయ్య చెట్టుకి ముడుపు కట్టాననుకుంది! పసుపు గుడ్డ, రెండు ముడులు, పైగా కట్టింది మామయ్య స్వయంగా. చర్చి పెద్ద అంతటివాడే భార్య పేరు చెప్పి మొక్కుకున్నాడంటే ఎంత మహిమ ఉండాలి అనుకున్నారట వీధి వీధంతా. ఎర్ర చీర చించినా సరిపోయేది. తెల్లదైనా. పసుపే దొరికిందా మామయ్యా మీకు!

అంటు గురించి చెప్పాను. బెరడు, వేళ్ళు, అంతా. శ్రద్ధగా విని "అలాగేనండి" అంది. నమ్మలేదు.

అయినా వాళ్ళనేమనగలం. ఆ వీధి ఆడపిల్లలందరికీ అక్షరాలు దిద్దించింది అత్తయ్య. ఎవరికి నొప్పులొచ్చినా మంత్రసాని కంటే ముందు అత్తయ్యనే పిలిచేవారట. చెయ్యి పట్టుకుని కూర్చునేదట, అంతే. ఆవిడ ఉంటే భయం ఉండదని.

విప్పించేయమంటారా అని మామయ్యని అడిగాను. కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"విప్పితే వాళ్ళేడుస్తారమ్మా. మీ అత్తయ్య ఎవర్నీ ఏడిపించలేదు."

జూలై 15

నిన్న రాయడం మరిచాను. సాయంత్రం ప్రార్థనలో మామయ్య ఆ మూటలు కట్టినవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకున్నారు. ఫలానావారి కోడలి ఆరోగ్యం, ఫలానావారి గేదె. గేదె కూడా! చెట్టు మాది కాబట్టి బాధ్యత మాది అన్నట్టు. ఈయన నవ్వాపుకోలేక దగ్గారు. నేను కాలు తొక్కాను.

జూలై 21, ఆదివారం

ఈయన ఒక్కరే వెళ్ళొచ్చారు. మామయ్య వాళ్ళ చర్చి పాస్టరుగారు ఇంటికొచ్చారట. ఎవరో చెప్పి ఉంటారు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, కాఫీ తాగి, రెండు కాయలు జేబులో వేసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయారట. దేవుడు చల్లగా చూడాలి ఆయన్ని.

వానలు పడుతున్నాయి. మంచిదే.

జూలై 28, ఆదివారం

వేళ్ళు! తెల్లగా, దారం పోగుల్లా, ప్లాస్టిక్ కాగితానికి లోపల అంటుకుని. గుడ్డ అంచు ఎత్తి మామయ్యకి చూపించాను. పొర లేని కన్ను దగ్గరగా పెట్టి చూశారు. "అమ్మాయ్, నిజంగానే!" అన్నారు. ఆ మనిషి నవ్వి ఎన్ని నెలలైందో. నాకిది చాలు, ఈ ఏడాదికి ఇంకేమీ వద్దు అనిపించింది.

అనిపించిందో లేదో, సీతారావమ్మ వచ్చింది. ఈసారి గోడ మీంచి కాదు, గుమ్మంలోంచి.

ఆ కొమ్మ కోయొద్దట. నా కట్టుకి అవతల, కొమ్మ చివర, చిన్న మూట ఒకటుంది. నేను గమనించనే లేదు. అది వాళ్ళమ్మాయి పద్మది. రెండు కానుపులు పోయాయి ఆ పిల్లకి, అత్తవారి ఊళ్ళో. ఇప్పుడు మళ్ళీ. ఐదో నెలకే పుట్టింటికి తెచ్చుకుని మంచం దిగనివ్వడం లేదు తల్లి. దసరా లోపల కానుపు. అందాకా ముడుపున్న కొమ్మ కదపకూడదు, కోయడం అసలే కూడదు. మిగతా చెట్టంతా ఉండగా ఆ కొమ్మకే ఎందుకు కట్టించుకున్నట్టు? "మీది ఉన్న కొమ్మే బలమైందనుకుందండీ."

ఇల్లు ఆగస్టు ఆఖరుకి ఖాళీ చేయాలి. కానుపు అక్టోబరులో.

మామయ్య వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ, "కోయొద్దులేమ్మా" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. మీరు చర్చి పెద్ద మామయ్యా, మీరూ నమ్ముతారా ఇవన్నీ, అని గట్టిగానే అడిగాను. నేను నమ్మనమ్మా, ఆ పిల్ల నమ్ముతుంది గదా, అన్నారు.

కోపంగానే ఇంకో కొమ్మ వెతికి ఇంకో అంటు కట్టాను. ఈసారి గోనె గుడ్డతో. ఏ దేవుడికీ పనికిరాని రంగు.

ఆగస్టు 6

కాలేజీ. ఇల్లు. బియ్యం క్యూ. ఏమీ రాయాలని లేదు.

మామయ్య రాకపోతే? నిజంగానే ఆ గది తీసుకుంటే? అన్నం మాడబెట్టుకుని, షుగరుకి మందు మరిచిపోయి... ఆయన మీద నాకెందుకింత ప్రేమో. పెళ్ళయిన కొత్తలో నా పుస్తకాల పెట్టె బస్టాండు నుంచి నెత్తిమీద పెట్టుకుని మోసుకొచ్చారు. చర్చి పెద్ద మూట మోస్తున్నారని జనం చూస్తున్నా సరే. మా నాన్న కూడా మోసేవాడు కాదు.

ఆగస్టు 18, ఆదివారం

గోనె గుడ్డ విప్పాను. వేళ్ళు లేవు. తొందరలో బెరడు మరీ సన్నగా తీసినట్టున్నాను, పైదీ కిందదీ మళ్ళీ కలిసిపోయాయి. పిల్లలకి పాఠం చెప్తాను, ఉంగరం వెడల్పుకి తగ్గకూడదని! కోపంతో చేసిన పని అలాగే తగలడుతుంది.

ఈయన మామయ్యతో పోట్లాడారు. మొదటిసారి చూశాను. నాన్నా, చెట్టూ వద్దు కొమ్మా వద్దు, నువ్వు రా — అని అరిచారు. మామయ్య కదల్లేదు. మాటన్నాను గదరా, అన్నారు. ఈయన వెళ్ళి వీధిలో నిలబడ్డారు.

ఇక లాభం లేదని నేనే పక్కింటికి వెళ్ళాను. సీతారావమ్మ లేదు, మంచిదైంది. పద్మ మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. ఎంత చిన్న పిల్ల! నా స్టూడెంట్ల వయసే. లేవబోతే వద్దన్నాను. నీ మూట విప్పించి వేరే కొమ్మకి కట్టించుకుంటావా అని అడుగుదామని వెళ్ళాను. తీరా వెళ్ళాక, ఎలా ఉన్నావమ్మా అన్నాను.

తనే చెప్పింది. రెండోది పోయినప్పుడు మా అత్తయ్య పద్మ అత్తవారి ఊరిదాకా వెళ్ళి చూసిందట. మూడోసారికి నీ పక్కన నేనుంటాను, చూద్దాం ఎలా పోతుందో, అని మాటిచ్చిందట. ఇచ్చి, ఫిబ్రవరిలో తను పోయింది. "ఆవిడుంటే భయం లేదండీ నాకు. ఇప్పుడూ... ఎక్కడో అక్కడ ఆవిడున్నారనుకోవాలి గదండీ."

అప్పుడు చెప్పాను, మామయ్య సంగతంతా. ఆ కొమ్మ రాకపోతే ఆయన రారని. పద్మ పైకప్పు చూస్తూ విన్నది. కొమ్మని ఎక్కడ పాతుతారని అడిగింది. గుణదల్లో మా ఇంట్లో అన్నాను.

"మేరీమాత కొండ దగ్గరేనా?"

కొండ కిందే, మేం ఆ చర్చి కాదమ్మా, మాది వేరే అన్నాను. ఆ తేడా ఆ పిల్లకి అక్కర్లేదు.

"అయితే నాది విప్పకండి. దాంతోటే తీసికెళ్ళండి. అమ్మకి నేను చెప్పుకుంటాను."

ఆగస్టు 19

అడగకుండానే ఇచ్చేసింది. ఇప్పుడు భయం ఇంకో రకం. కోసిన అంటు బతకొచ్చు, బతక్కపోవచ్చు. నా చేతిలో సగం పోతాయి. అది ఎండిపోతే ఆ పిల్లకి ఏం చెప్పను?

ఆగస్టు 25, ఆదివారం

కోశాను. నిన్న వెళ్ళి సగందాకా కోసి వదిలాను, ఒకేసారి కోస్తే తట్టుకోదని. ఇవాళ మిగతాది. మామయ్య కొమ్మ పట్టుకున్నారు. ఆకులు సగం సగం కత్తిరించాను. ప్లాస్టిక్ కాగితం విప్పి, వేళ్ళు చెదరకుండా మట్టికుండలో పెట్టాను. పద్మ మూట అలాగే ఉంది. సీతారావమ్మ వచ్చి కుండకి బొట్టు పెట్టింది. మామయ్య కాదనలేదు.

ట్రంకు పెట్టె, మంచం, బైబిలు, గొడుగు. అంతే ఆయన సామాను. ఇల్లు తాళం వేశాక చెట్టు దగ్గరికి వెళ్ళారు. మేం బయటే ఆగాం. చాలాసేపు రాలేదు. ఎవరూ పిలవలేదు.

బస్సులో కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒకావిడ లేచి ఇంకాస్త చోటిచ్చింది, ఆయనకి కాదు, కుండకి. ఇద్దరు ముగ్గురు పసుపు గుడ్డని ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఈయన నా చెవిలో, రేపట్నుంచి గుణదల్లో రెండు తిరనాళ్ళు అన్నారు.

మామయ్య మా ఇంట్లో ఉన్నారు. ఈ వాక్యం రాయడానికే ఇవాళ డైరీ తీశాను.

ఆగస్టు 29

రెండు ఆకులు పసుపు తిరిగాయి.

సెప్టెంబరు 2

రాలాయి. మిగతావీ వాడుతున్నాయి. ఎండలోంచి నీడలోకి మార్చాం, మధ్యాహ్నానికి అక్కడికీ ఎండ వస్తోంది. మామయ్య గొడుగు వేసుకుని కూర్చుంటున్నారు. గొడుగు కుండ మీద, ఎండ ఆయన మీద. తిట్టాను. ప్రార్థనలో పద్మ పేరు ముందు వస్తోంది, ఆ తర్వాతే మేమందరం.

సెప్టెంబరు 10

ఆకులు దాదాపు అన్నీ పోయాయి. గోటితో గీరి చూశాను. లోపల పచ్చగానే ఉంది, ఇంకా. మామయ్యకి చెప్పాను. గీరొద్దమ్మా, దానికి నొప్పి, అన్నారు. బాటనీ చదివిందాన్ని, సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

సెప్టెంబరు 17

ఇంటికి రాగానే రోజూ ముందు కుండ దగ్గరికే. మామయ్య అప్పటికే అక్కడ. తల ఊపుతారు. అంటే ఏమీ మారలేదని. ఇవాళ నాకు టీ పెట్టి ఇచ్చారు! పంచదార ఎక్కువ. ఆయన తాగకూడని పంచదారంతా నా గ్లాసులో పోశారు. తాగేశాను.

సెప్టెంబరు 24

కణుపు దగ్గర ఉబ్బినట్టుంది. మొగ్గో, నా ఆశో తెలియడం లేదు. మామయ్యకి చెప్పలేదు.

సెప్టెంబరు 28, శనివారం

రాస్తాను, ఊరికే కూర్చోలేను.

మధ్యాహ్నం సీతారావమ్మ తమ్ముడు వచ్చాడు. పద్మకి నొప్పులు ముందే వచ్చేశాయట. మైలవరంలో వల్లకాదన్నారు, టాక్సీలో ఇక్కడి పెద్దాసుపత్రికి తెచ్చారు. లోపలికి తీసుకెళ్ళారు. అంతకంటే తనకేమీ తెలియదన్నాడు. చెప్పి రమ్మని పద్మే పంపిందట.

నేను చీర మార్చుకుందామని లోపలికి వెళ్ళాను. బయటికొచ్చేసరికి మామయ్య చొక్కా వేసుకుని, కుండ చంకలో పెట్టుకుని, గేటు దగ్గర రిక్షావాడితో మాట్లాడుతున్నారు. ఆ ఆకుల్లేని పుల్ల, దానికి ఆ పసుపు మూట. ఆసుపత్రిలోకి రానివ్వరు మామయ్యా, అన్నాను. కుదుపులకి వేళ్ళు కదిలిపోతాయి, చచ్చిపోతుంది, ఇన్నాళ్ళ కష్టం — అన్నాను. నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను, మీకు ఎడమ వైపు కనబడదు, అన్నాను. ఏదేదో అన్నాను.

ఆయన రిక్షా ఎక్కి, కుండ కాళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకున్నారు.

"మీ అత్తయ్యని పిలవడానికి ఎవరొచ్చినా, ఒక్కదాన్ని ఎప్పుడన్నా పంపానా అమ్మాయ్? లాంతరు పట్టుకుని వెనకాల నేనూ వెళ్ళేవాణ్ణి. బయట అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఆవిడ వచ్చేదాకా."

నన్ను రమ్మనలేదు. ఇంట్లో ఉండమన్నారు, వేడి నీళ్ళు పెట్టి ఉంచమన్నారు. అత్తయ్య కానుపు నుంచి వస్తే ముందు స్నానమేనట.

ఈయన ఆఫీసు నుంచి అటే వెళ్ళి ఉంటారు, కబురు పంపాను. వాన మొదలైంది. గొడుగు ఇక్కడే వదిలి వెళ్ళారు. ఇంకా ఎవరూ రాలేదు. నీళ్ళు రెండోసారి కాగుతున్నాయి.